మంచి అబ్బాయి, మంచి అమ్మాయి: ఇటాలియన్ విశేషణాల నుంచి మన పిల్లలు నేర్చుకోదగినవి



పోలవరం అనగానే బయటి జిల్లాల వాళ్లకు ప్రాజెక్టే గుర్తొస్తుంది. అందుకే మన ఊరి పేరు చెప్పేటప్పుడు ముందు ఒక 'ఐ' చేర్చి ఐ.పోలవరం అంటాం. ఆ 'ఐ' అంటే ఐలెండ్, అంటే లంక. ఆ ఒక్క అక్షరం రెండు పనులు చేస్తోంది. ఏ పోలవరమో తేల్చి చెబుతోంది. ఆ ఊరు ఎలాంటిదో, అంటే గోదావరి పాయల మధ్య ఉన్నదని కూడా చెబుతోంది. వ్యాకరణంలో ఈ పని చేసే మాటను విశేషణం అంటాం. ఇంగ్లీషులో అడ్జెక్టివ్. అది ఎవరి గురించి చెబుతోందో ఆ మాట విశేష్యం.

జీకే పుస్తకాల్లో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటుంది: "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అని ఏ భాషను అంటారు?" జవాబు మీకు తెలిసిందే, తెలుగు. 15వ శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్లిన వెనిస్ యాత్రికుడు నికోలో దె కాంతి పేరు మీద ఈ మాట చెబుతుంటారు. తెలుగు మాటలు, ఇటాలియన్ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. పిల్లలు ఈ జవాబు బట్టీ పట్టి మార్కు తెచ్చుకుంటారు. అయితే "అలాగైతే వ్యాకరణం కూడా మనలాగే ఉంటుందా?" అనేది అంతకంటే మంచి ప్రశ్న. విశేషణాల వరకు చూస్తే రెండు భాషలూ చాలా దూరం. ఆ దూరం అర్థమైతే మన పిల్లలు హిందీలో ఎందుకు తడబడతారో, ఇంగ్లీషులో ఏ తప్పు ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుస్తుంది.

ఇటాలియన్ మాటలను ఇక్కడ పలికే తీరుకు దగ్గరగా తెలుగు లిపిలో రాశాము.

1. తెలుగు విశేషణం మారదు, ఇటాలియన్ విశేషణం మారుతుంది

మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు, మంచి పుస్తకం. పక్కన ఎవరున్నా 'మంచి' మంచిగానే ఉంది. మగవాడైనా, ఆడపిల్లైనా, ఒకరైనా, పదిమందైనా దానికి తేడా లేదు.

ఇటాలియన్‌లో అలా కుదరదు. అక్కడ ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. కుర్చీ, పుస్తకం, ఇల్లు కూడా స్త్రీలింగమో పుంలింగమో అయి తీరాలి. విశేషణం తన విశేష్యం లింగాన్ని, వచనాన్ని అనుసరించి చివరి అచ్చు మార్చుకుంటుంది. 'పొడవైన' అనే మాట చూడండి:

పొడవైన అబ్బాయి: రగాత్సో ఆల్తో
పొడవైన అమ్మాయి: రగాత్సా ఆల్తా
పొడవైన అబ్బాయిలు: రగాత్సి ఆల్తి
పొడవైన అమ్మాయిలు: రగాత్సె ఆల్తె

మన ఒక్క 'పొడవైన'కు అక్కడ నాలుగు రూపాలు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి ఉంటే పుంలింగ బహువచనం, అంటే 'ఆల్తి' వాడతారు.

ఇంకో రకం విశేషణాలకు రెండే రూపాలు. 'గ్రాందె' అంటే పెద్ద. పుస్తకానికి (లీబ్రో గ్రాందె), ఇంటికి (కాసా గ్రాందె) ఒకే రూపం. బహువచనంలో మాత్రం 'గ్రాంది' అవుతుంది. మూడో రకం అసలు మారదు. బ్లు అంటే నీలం, రోజా అంటే గులాబీ రంగు. ఇవి ఎక్కడైనా అలాగే ఉంటాయి.

ఇదంతా ప్రాస కోసం అనుకుంటే పొరపాటు. 'మానో' అంటే చెయ్యి. చివర 'ఓ' ఉన్నా అది స్త్రీలింగం. కాబట్టి చిన్న చెయ్యి 'మానో పిక్కోలా' అవుతుంది, 'పిక్కోలో' కాదు. విశేషణం చూసేది విశేష్యం లింగాన్ని. చెవికి వినిపించే చివరి శబ్దాన్ని కాదు.

2. ఇదే పాఠం హిందీ పీరియడ్‌లో ఉంది

"మా పిల్లలకు ఇటాలియన్ ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. ఇటాలియన్ చేసే పనినే మన పక్కనున్న హిందీ చేస్తోంది. అచ్ఛా లడ్కా, అచ్ఛీ లడ్కీ, అచ్ఛే లడ్కే. విశేష్యం మారితే విశేషణం మారుతోంది. లాల్ అంటే ఎరుపు. ఇటాలియన్ 'బ్లు' లాగే అది మారదు: లాల్ ఫూల్, లాల్ టోపీ.

తెలుగింటి పిల్లలు హిందీ పరీక్షలో "అచ్ఛా లడ్కీ" అని రాసి మార్కు పోగొట్టుకోవడం మామూలే. దానికి అజాగ్రత్త ఒక్కటే కారణం కాదు. విశేషణం మారుతుందన్న ఆలోచనే వాళ్ల మాతృభాషలో లేదు. ఈ సంగతి ఒకసారి విడమరచి చెబితే పిల్లలు త్వరగా పట్టుకుంటారు. "తప్పు రాశావు" అనే బదులు "తెలుగులో మంచి మారదు, హిందీలో అచ్ఛా మారుతుంది" అని చెప్పి చూడండి.

ఎదుర్లంక వంతెన దాటితే యానాం. 1954 వరకు అక్కడ ఫ్రెంచి పాలన సాగింది. ఫ్రెంచి, ఇటాలియన్ రెండూ లాటిన్ నుంచి పుట్టిన అక్కచెల్లెళ్లు. ఫ్రెంచిలో కూడా విశేషణం విశేష్యాన్ని బట్టి మారుతుంది. కాకపోతే అక్కడ చాలా మార్పులు రాతలో కనిపిస్తాయి గానీ చెవికి వినిపించవు. ఇటాలియన్‌లో మార్పు స్పష్టంగా వినిపిస్తుంది. అందుకే ఈ సూత్రం చూపించడానికి ఇటాలియన్ తేలిక.

ఇంగ్లీషు ఈ విషయంలో మన తెలుగు పక్షమే. గుడ్ బాయ్, గుడ్ గర్ల్, గుడ్ చిల్డ్రన్. మన పిల్లలకు ఇంగ్లీషు విశేషణాల్లో ఇది పెద్ద సౌకర్యం. దాన్ని గుర్తు చేస్తే ధైర్యం వస్తుంది.

3. తెలుగులో మార్పు ఎక్కడ దాక్కుంది?

తెలుగు విశేషణం అసలే మారదని పిల్లలు అనుకోకూడదు. విశేష్యం ముందు నిలబడినప్పుడు మారదు. వాక్యం చివరికి వస్తే మారుతుంది.

అతను మంచివాడు.
ఆమె మంచిది.
వాళ్లు మంచివాళ్లు.
ఈ బియ్యం మంచివి.

'మంచి' చివర వాడు, ది, వాళ్లు, వి చేరాయి. ఇంకో విశేషం గమనించండి. 'మంచిది' అనే రూపం ఆమెకూ సరిపోతుంది, కలానికీ సరిపోతుంది. ఏకవచనంలో తెలుగు స్త్రీని, వస్తువును ఒకే వరుసలో పెడుతుంది: ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు పురుషులతో కలుస్తారు: వాళ్లు వచ్చారు, బస్సులు వచ్చాయి.

సంఖ్యా విశేషణాల్లోనూ మార్పు ఉంది. మూడు పుస్తకాలు, ముగ్గురు పిల్లలు. నాలుగు కొబ్బరికాయలు, నలుగురు అన్నదమ్ములు. మనుషులకు ఒక రూపం, మిగతా వాటికి ఇంకో రూపం. ఇటాలియన్‌లో కుర్రాళ్లైనా పుస్తకాలైనా మూడుకు ఒకటే మాట, 'త్రె'. పిల్లలు ఇంట్లో ఇప్పుడు "నాలుగు ఫ్రెండ్స్ వచ్చారు" అంటున్నారు. అది వింటే ఊరుకోకండి. "నలుగురు ఫ్రెండ్స్" అని మెల్లగా సరిచేయండి. తెలుగు జారిపోయేది ఇలాంటి చిన్న చోట్లలోనే.

4. ముందు పెడితే ఒక అర్థం, వెనక పెడితే ఇంకో అర్థం

తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో విశేషణం నామవాచకం ముందు వస్తుంది. ఎర్ర చొక్కా, రెడ్ షర్ట్, లాల్ కమీజ్. ఇటాలియన్‌లో మామూలుగా వెనక వస్తుంది. రంగు, ఆకారం, దేశం చెప్పే మాటలన్నీ వెనకే. అందం, మంచి, పరిమాణం, వయసు చెప్పే కొన్ని మాటలు మాత్రం తరచుగా ముందుకు వస్తాయి. కొన్నిటికి చోటు మారితే అర్థం కూడా మారుతుంది. 'దోన్నా' అంటే స్త్రీ, 'అమీకో' అంటే స్నేహితుడు:

గ్రాందె దోన్నా: గొప్ప స్త్రీ
దోన్నా గ్రాందె: భారీ మనిషి
పోవెరా దోన్నా: పాపం, ఆవిడ!
దోన్నా పోవెరా: డబ్బు లేని స్త్రీ
వెక్కియో అమీకో: ఎన్నాళ్లుగానో ఉన్న స్నేహితుడు
అమీకో వెక్కియో: వయసు మళ్లిన స్నేహితుడు

తెలుగు ఈ పనులను వేరే దారుల్లో చేస్తుంది. 'పెద్ద' అనే మాటను మనిషికి విడిగా చేర్చి పలికితే ఆకారమో వయసో గుర్తొస్తుంది. 'పెద్దమనిషి' అని కలిపి పలికితే నలుగురిలో మాట చెల్లేవాడు. ఇటాలియన్ చోటు మార్చి చెప్పిన అర్థాన్ని తెలుగు కలిపి, విడదీసి చెబుతోంది. 'వెక్కియో' చేసే రెండు పనులకు మనకు రెండు మాటలున్నాయి: పాత స్నేహితుడు, ముసలి స్నేహితుడు. ఇక 'పోవెరా' విషయంలో మనకు 'పాపం' ఉండనే ఉంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇది సమాసాల పాఠంలో ఉపయోగపడుతుంది. 'నల్లకలువ'లో విశేషణం ముందుంది కాబట్టి అది విశేషణ పూర్వపద కర్మధారయం. 'కపోతవృద్ధము' అంటే ముసలి పావురం. విశేషణం వెనక ఉంది కాబట్టి విశేషణ ఉత్తరపద కర్మధారయం. చాలామంది ఈ రెండో పేరు బట్టీ పడతారు గానీ విశేషణం వెనక ఎలా వస్తుందో ఊహించలేరు. ఇటాలియన్‌లో రోజువారీ మాటే అలా ఉంటుందని చెబితే ఆ పేరు ఇక మరచిపోరు.

5. పోలికలు: కన్నా, మోర్, పియు

"రవి కన్నా సీత పొడుగు." ఈ తెలుగు వాక్యంలో 'ఎక్కువ' అనే మాట లేదు. 'కన్నా' ఒక్కటే పోలిక మొత్తం మోస్తోంది. 'పొడుగు' ఏమీ మారలేదు. ఇటాలియన్‌లో 'ఎక్కువ' అనే అర్థం ఉన్న 'పియు' ముందు చేర్చాలి: పియు ఆల్తా. మాట చిన్నదైనా పెద్దదైనా అదే పద్ధతి. ఇంగ్లీషులో మాత్రం రెండు పద్ధతులు: చిన్న మాటకు టాలర్, పెద్ద మాటకు మోర్ బ్యూటిఫుల్. రెండూ కలిపితే తప్పు. "మోర్ టాలర్", "మోర్ బెటర్" అక్కడే పుడుతున్నాయి. పిల్లలు 'ఇంకా మంచిది' అని తెలుగులో అనుకుని 'ఇంకా'ను కూడా ఇంగ్లీషులోకి తెస్తారు. "బెటర్‌లో 'ఇంకా' ఉంది, మళ్లీ మోర్ వద్దు" అని చెప్పండి.

గట్టిగా చెప్పడానికి ఇటాలియన్ చివర 'ఇస్సిమో' చేరుస్తుంది. బెల్లో అంటే అందమైన, బెల్లిస్సిమో అంటే ఎంతో అందమైన. అమ్మాయైతే బెల్లిస్సిమా. తెలుగు మాటను రెట్టిస్తుంది: తెల్లతెల్లని, చల్లచల్లని. ఇంగ్లీషుకు ఈ రెట్టింపు అలవాటు లేదు. 'చిన్న చిన్న తప్పులు' తెలుగులో చక్కటి మాట. దాన్నే "స్మాల్ స్మాల్ మిస్టేక్స్" అంటే ఇంగ్లీషు కాదు. "స్మాల్ మిస్టేక్స్" చాలు, బహువచనం ఆ పని చేసేస్తుంది.

6. పది రూపాయల నోటు

మన పిల్లల ఇంగ్లీషులో తరచుగా దొర్లే మరో తప్పు కూడా విశేషణానిదే. తెలుగులో 'పది రూపాయల నోటు' అంటాం. రూపాయలు బహువచనం. అందుకే పిల్లలు "టెన్ రుపీస్ నోట్" అంటారు. ఇంగ్లీషులో నామవాచకం మరో నామవాచకం ముందు విశేషణంగా నిలిస్తే మామూలుగా ఏకవచనంలోకి వెళ్లిపోతుంది. కాబట్టి "టెన్ రుపీ నోట్" సరైనది. అలాగే "ఫైవ్ ఇయర్ ఓల్డ్ బాయ్", "టెన్ కిలోమీటర్ వాక్". విడిగా చెప్పేటప్పుడు మాత్రం "టెన్ రుపీస్", "హీ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్" అనే అనాలి.

"ఐ యామ్ బోరింగ్" కూడా ఇలాంటిదే. బోరింగ్ అంటే విసుగు పుట్టించేది, బోర్డ్ అంటే విసుగు పుట్టినవాడు. "ఐ యామ్ బోర్డ్, ద ఫిల్మ్ ఈజ్ బోరింగ్" అని జంటగా చెప్పించండి. మనకు 'వండే మనిషి', 'వండిన కూర' ఉన్నాయి కదా. ఒకటి పని చేసేది, ఒకటి పని జరిగినది. తెలుగు పాఠంలో వీటినే క్రియాజన్య విశేషణాలు అంటారు. ఆ తేడా తెలిసిన పిల్లలకు బోరింగ్, బోర్డ్ కష్టం కావు. కాఫీ షాపు బోర్డు మీద కనిపించే 'ఎస్ప్రెస్సో' కూడా ఇటాలియన్‌లో వండిన, వత్తిన వంటి రూపమే. మన వార్షికోత్సవంలో 'సోలో డాన్స్' అంటాం కదా, ఆ 'సోలో' ఇటాలియన్ విశేషణం. ఒంటరి అని అర్థం.

"ఇంట్లో పూర్తిగా ఇంగ్లీషే మాట్లాడాలా?" అని పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చేవారు తరచుగా అడుగుతారు. పై ఉదాహరణలే నా జవాబు. ఇంగ్లీషు తప్పుల్లో సగం దాకా తెలుగు వాక్యం పక్కన పెట్టి చూపిస్తే తేలిపోతాయి. పక్కన పెట్టడానికి ఆ తెలుగు వాక్యం పిల్లవాడి దగ్గర ఉండాలి కదా. ఇంగ్లీషు బడిలో మేము గట్టిగా నేర్పుతాం. తెలుగు మాత్రం మీ వంటింట్లో, మీ అరుగు మీద బతకాలి.

7. మనం పిల్లలకు తగిలించే విశేషణాలు

ఇది వ్యాకరణమే, కానీ కాస్త ముఖ్యమైన వ్యాకరణం. ప్రోగ్రెస్ కార్డు తీసుకోవడానికి వచ్చినప్పుడు పిల్లవాడు పక్కనే నిలబడి ఉండగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "మా వోడు ఒట్టి మొద్దండి." "మా పాప బద్ధకస్తురాలండి." "వీడు మొండోడండి, ఆయ్."

ఈ వాక్యాల్లో క్రియ లేదు గమనించండి. ఇంగ్లీషులో 'ఈజ్' కావాలి, ఇటాలియన్‌లో 'ఎ' అనే క్రియ కావాలి. తెలుగుకు అక్కర్లేదు. "మా వాడు మొద్దు" అనేది పూర్తి వాక్యమే. క్రియ లేదు కాబట్టి కాలం కూడా లేదు. నిన్నా, ఈ వారమా, ఎప్పటికీనా? వాక్యం ఏమీ చెప్పదు. వినే పిల్లవాడు 'ఎప్పటికీ' అనే అర్థం చేసుకుంటాడు. పైగా 'మొండి' అనే గుణం 'మొండివాడు' అయ్యేసరికి గుణం పోయి మనిషి పేరైపోయింది.

అదే సంగతి క్రియతో చెప్పి చూడండి. "ఈ వారం ఎక్కాలు చదవలేదు." "రెండో చాప్టర్‌లో వెనకబడ్డాడు." "పొద్దున్న చెప్పిన మాట వినలేదు." వీటిలో కాలం ఉంది, హద్దు ఉంది. వచ్చే వారం చదవవచ్చు. మూడో చాప్టర్‌లో అందుకోవచ్చు. టీచరుకు కూడా మొద్దు అంటే ఏం చేయాలో తెలియదు. ఎక్కాలు రావంటే ఏం చేయాలో తెలుసు.

మెచ్చుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతి మేలు. 'తెలివైనవాడు' అన్న మాట విన్న పిల్లవాడికి తర్వాత ఏం చేయాలో తెలియదు. "లెక్క మళ్లీ మొదటి నుంచి చేసి సరిచూసుకున్నావు, బాగుంది" అంటే రేపు కూడా సరిచూసుకుంటాడు.

8. ఇంట్లో చేయించండి

అ) కొబ్బరి ఆట: కోనసీమ పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం లేదు. లేత బొండం, ముదురు కాయ, పచ్చి కొబ్బరి, ఎండు కొబ్బరి, కురిడీ కొబ్బరి. ఒక్కొక్క విశేషణం ఏ కాయను వేరు చేస్తోందో పిల్లలతో చెప్పించండి. తర్వాత 'పచ్చ', 'పచ్చి' మాటల తేడా అడగండి. పచ్చ రంగు చెబుతుంది. పచ్చి అంటే ఎండనిది, ఉడకనిది, పండనిది.

ఆ) మూడు భాషల పట్టిక: మంచి, పెద్ద, చిన్న, ఎర్ర అనే నాలుగు మాటలను తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో అబ్బాయికి, అమ్మాయికి, ఎక్కువమందికి రాయించండి. మారిన అక్షరం కింద గీత గీయించండి. గీతలన్నీ హిందీ గడుల్లోనే, అవీ మొదటి మూడు మాటల దగ్గరే వస్తాయి. 'లాల్' కింద గీత పడితే మళ్లీ చూడమనండి.

ఇ) సరిచేయండి: 1. మోర్ హ్యాపియర్. 2. ఏ హండ్రెడ్ రుపీస్ నోట్. 3. బిగ్ బిగ్ హౌసెస్. 4. అచ్ఛా లడ్కీ. 5. ముగ్గురు పుస్తకాలు.

జవాబులు: 1. హ్యాపియర్. 2. ఏ హండ్రెడ్ రుపీ నోట్. 3. బిగ్ హౌసెస్. 4. అచ్ఛీ లడ్కీ. 5. మూడు పుస్తకాలు.

ఈ) పెద్దలకు హోంవర్క్: ఒక వారం పాటు మీ పిల్లల గురించి వాడిన విశేషణాలను డైరీ వెనక పేజీలో రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా అదే సంగతిని క్రియతో, కాలంతో తిరగరాయండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ పేజీతో రండి. మీ పిల్లలకు ఎక్కడ సాయం కావాలో ఆ పేజీ చూసి ఇద్దరం కలిసి తేల్చుకుందాం.

సందేహాలుంటే పిల్లల డైరీలో రాసి పంపండి. తప్పక జవాబిస్తాను.

ఇంగ్లీష్ టీచర్,
ఐ.పోలవరం బ్రాంచి